గంట కొట్టగానే నాలుగు గుక్కలు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. నలభై నిమిషాల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. పెద్దమ్మాయి ఇంటర్, చిన్నవాడు ఎనిమిదో తరగతి. అత్తయ్య గారికి షుగరు. ఆవిడకు వేళకు పుల్కాలు, మందులు చూడాలి. మా వారు మంచివారే, అడిగితే ఏ పనైనా చేస్తారు. నాలుగున్నరకు లేచి, రెండు రకాల టిఫిన్లు చేసి, మూడు క్యారేజీలు కట్టి, ఏడూ యాభై బస్సు అందుకోవాలి. ఉచిత ప్రయాణం వచ్చాక సీటు దొరికితే అదృష్టమే. బడికి చేరగానే యాప్‌లో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి ఆరు. పడుకునేసరికి పదకొండున్నర. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు ఊడుతోంది, ఊరికే కోపం వస్తోంది. నెలసరి కూడా ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోంది, వయసు కదా అనుకుంటున్నాను. అందరూ ‘నీ గురించి కూడా కాస్త పట్టించుకో’ అంటారు. జనవరిలో యోగా చాప కొన్నాను. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు అత్తయ్య గారికి జ్వరం. అప్పటి నుంచి చాప బీరువా మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నేను దేనికీ పనికిరానేమో అనిపిస్తుంది. గంట ముందు లేవమని సలహా ఇస్తారు. ఇంకెప్పుడు లేవాలి? నా కోసం చిన్న చిన్న అలవాట్లు ఎలా చేసుకోవాలో చెప్పండి.
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, గంట ముందు లేవకండి. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ ఇంట్లో ఒక్క రోజు ఉండి ఉంటే ఇచ్చేవాళ్లు కాదు. పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తున్నారు. అంటే మీ నిద్ర ఐదు గంటలు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటలు కావాలి. రోజుకు రెండు గంటల చొప్పున ఇప్పటికే బాకీ పడి ఉన్నారు. అందులోంచి ఇంకో గంట తీసి ఆసనాలు వేయమనడం, వడ్డీ కట్టడానికి పుస్తెలు తాకట్టు పెట్టమన్నట్టుంది.

అలవాట్ల సంగతి తరువాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం యోగా చాప గురించిన వాక్యం కాదు. ‘నెలసరి కూడా ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోంది, వయసు కదా’ అని ఒక్క ముక్కలో రాసి దాటేశారే, అది. పక్కనే ఆయాసం, జుట్టు ఊడటం, కోపం ఉన్నాయి. నేను ముప్పై ఏళ్లు నర్సు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్న మనిషిని. ఈ నాలుగూ ఒకే ఉత్తరంలో కనిపిస్తే నా చెయ్యి ముందుగా మీ కింది కనురెప్ప లాగి చూడటానికి వెళుతుంది. ఎర్రగా ఉందా, పాలిపోయిందా అని. ఉత్తరంలో ఆ వీలు లేదు కాబట్టి చెబుతున్నాను. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకోండి. సీబీపీ అని అడిగితే హిమోగ్లోబిన్ తెలుస్తుంది. దానితో పాటు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగరు చూపించుకోండి. బీపీ కూడా. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58 శాతానికి పైనే. మీ స్టాఫ్ రూములో పది మంది ఆడవాళ్లుంటే ఆ లెక్కన ఎందరో మీరే చూసుకోండి.

నా సంగతి చెబితే నవ్వుతారు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పని చేసే రోజుల్లో, గర్భిణులకు ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి, ‘టీతో మింగొద్దు, నిమ్మరసంతో మింగు’ అని రోజుకు యాభై సార్లు చెప్పేదాన్ని. ఒక రాత్రి డ్యూటీలో కళ్లు తిరిగి మందుల బండి మీద పడ్డాను. పరీక్ష చేస్తే నాకు 7.9. వార్డులో పడుకున్న సగం మంది కంటే నాదే తక్కువ. అప్పటిదాకా నేను బద్ధకస్తురాలిననీ, ఓపిక లేని తల్లిననీ నన్ను నేనే తిట్టుకుంటూ ఉండేదాన్ని. మూడు నెలలు మాత్రలు వాడాక పిల్లల మీద అరవడం సగానికి సగం తగ్గింది. నా గుణం మారలేదమ్మా, రక్తం పట్టింది, అంతే. అందుకే మీ చాపను చూసి ‘నేను పనికిరానేమో’ అనుకునే ముందు ఆ కాగితం తెప్పించుకుని చూడమంటున్నాను.

నలభై దాటాక నెలసరిలో తేడాలు రావడం నిజమే. కానీ ఎనిమిది తొమ్మిది రోజులు సాగితే, గంట రెండు గంటలకొకసారి ప్యాడ్ మార్చాల్సి వస్తే, గడ్డలు పడితే దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మరొకటి కావచ్చు. స్త్రీల వైద్యురాలికి చూపించుకోండి. అవసరమైతే స్కానింగ్ రాస్తారు. ఒక్క హెచ్చరిక చేయాలి. మన ప్రాంతంలో ఈ ఫిర్యాదుతో వెళ్లిన ఆడవాళ్లలో చాలామందికి ‘తీసేస్తే పీడా పోతుంది’ అనే మాట తొందరగా వినిపిస్తుంది. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ల స్త్రీలు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. శస్త్రచికిత్స తప్పనిసరి అయ్యేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మొదటి రోజే ఆ మాట వస్తే, ‘మందులతో తగ్గే దారి ఏమీ లేదా’ అని అడగండి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకండి.

ఇక అలవాట్లు. పాత ఇళ్లలో గోడకు చిలక్కొయ్యలు ఉండేవి, గుర్తుందా? చొక్కా తగిలించడానికి ఎవరూ కొత్త గోడ కట్టేవాళ్లు కాదు. ఉన్న కొయ్యకే తగిలించేవాళ్లు. మీ రోజులో ఖాళీ గోడ లేదు, ఒప్పుకుంటాను. కానీ చిలక్కొయ్యలు చాలా ఉన్నాయి. మిగతా ఉద్యోగినుల కంటే మీకే ఎక్కువ. ఎందుకంటే మీ బడిలో గంట కొడతారు.

పీరియడ్ మారినప్పుడల్లా గంట మోగుతుంది కదా. ఆ గంటకు నాలుగు గుక్కల నీళ్లు తగిలించండి. తరగతి గది నుంచి బయటికి అడుగు పెట్టే ముందు, సంచిలో సీసా తీసి నాలుగు గుక్కలు. రోజు ముగిసేసరికి ముప్పావు లీటరు సీసా ఖాళీ అవుతుంది. గొంతు పొడిబారకుండా కూడా ఉంటుంది. యాభై మంది పిల్లల ముందు రోజంతా మాట్లాడే గొంతుకు తడి కావాలి. వేసవిలో పిల్లల కోసం బడుల్లో వాటర్ బెల్ అని కొడుతున్నారు. పిల్లలు తాగారో లేదో చూసి, మీరు తాగకుండా తరువాతి తరగతికి వెళ్లిపోతూ ఉంటారని నా అనుమానం.

తాగకపోవడానికి కారణం కూడా నేనే చెప్పనా? మీరు రాయలేదు. నాకు తెలిసిన ఉపాధ్యాయినులు ఎవరూ మొదట చెప్పరు. నీళ్లు తాగితే బాత్‌రూముకు వెళ్లాలి. బడిలో బాత్‌రూముకు గడియ సరిగా పడదు, లేకపోతే నీళ్లు రావు, లేకపోతే పిల్లలందరూ చూస్తుండగా మైదానం దాటి వెళ్లాలి. అందుకని పొద్దున ఏడున్నరకు వెళ్లినవాళ్లు మళ్లీ సాయంత్రం ఆరింటికి ఇంట్లోనే. పదిన్నర గంటలు! మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ అంటూ మా దగ్గరికి వచ్చినవాళ్లలో టీచర్లు, బస్సు కండక్టర్లు, బట్టల దుకాణాల్లో నిలబడే అమ్మాయిలు ఎంతమందో. కాబట్టి ఈ విషయంలో మీ మొదటి అలవాటు నీళ్లు తాగడం కూడా కాదు, గడియ బిగించడం. మీరు ఒక్కరే అడిగితే నోరు రాకపోవచ్చు. నలుగురు ఉపాధ్యాయినులు కలిసి ప్రధానోపాధ్యాయుల గదిలోకి వెళ్లండి. అవసరమైతే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. అదీ కాకపోతే తలా యాభై రూపాయలు వేసుకుని వడ్రంగిని పిలిపించండి. సిగ్గుపడాల్సిన పని కాదు. పెద్ద తరగతుల ఆడపిల్లలు కూడా అదే కారణంతో నీళ్లు తాగడం లేదు, అడిగి చూడండి.

రెండో కొయ్య నల్లబల్ల. పిల్లలు నోట్సు రాసుకుంటున్న ఐదు నిమిషాలు మీరు నిలబడే ఉంటారు. అప్పుడు బల్ల పట్టుకుని మడమలు పైకెత్తి దించండి, పదిహేను సార్లు. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా కాళ్లలో నిలిచిపోయిన రక్తం పైకి, గుండె వైపుకు తోసుకుపోతుంది. రోజంతా నిలబడే ఉద్యోగాల్లో కాళ్ల నరాలు ఉబ్బి మెలికలు తిరగడం మీరూ చూసే ఉంటారు. పిల్లలు చూసి నవ్వుతారేమో అంటారా? నవ్వనివ్వండి, వాళ్లచేత కూడా చేయించండి.

నడక కోసం వేరే వేళ వెతకకండి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయితే ఏకబిగిన కనీసం 10 నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని 2020లో తీసేశారు. ముక్కలు ముక్కలుగా చేసినా చేసినట్టే. ఇంటి నుంచి బస్సు దగ్గరికి ఎంత దూరమో రాయలేదు. పది నిమిషాలైతే, రానూపోనూ ఆరు రోజులకు 120 నిమిషాలు. కొంచెం చురుగ్గా, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడిస్తే మీ కోటాలో చాలావరకు అక్కడే అయిపోయింది. హిమోగ్లోబిన్ తక్కువ ఉందని తేలితే మాత్రం వేగం మాట అప్పుడే వద్దు.

బస్సులో సీటు దొరికిన రోజున ఫోను సంచిలో పెట్టి కళ్లు మూసుకోండి. దొరకని రోజున దేవుడి దయ.

తిండి దగ్గర కాస్త తిడతాను, ఏమీ అనుకోవద్దు. మూడు క్యారేజీలు కడుతున్నానన్నారు. పిల్లలకు రెండు, మీ వారికి ఒకటి అయితే మరి మీది? మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి ఏ పిల్లవాడు గుడ్డు తిన్నాడో, ఎవరు పారేశాడో చూసే మీరు, పొద్దున ఏం తిని బయలుదేరారు? నేను ఊహించి చెబుతాను. పెనం మీద చివరగా మిగిలిన చిరిగిన దోసె, గట్టు దగ్గర నిలబడి, ఒక చేత్తో మూతలు బిగిస్తూ. కాకపోతే టీ, రెండు బిస్కెట్లు. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది. మన ఇళ్లలో అన్నం పారేయడం పాపం అని నేర్పారు కానీ, ఆ పాపం మోయాల్సింది ఎప్పుడూ వంట చేసిన మనిషి కడుపేనని ఎందుకు నేర్పారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో క్యారేజీ కట్టండి. అందరికంటే ముందు దాన్ని నింపండి, చివర కాదు. అందులో ఏ వింత వంటకమూ అక్కర్లేదు. ఇంట్లో చేసిన పప్పు, తోటకూరో గోంగూరో, ఒక నిమ్మచెక్క. పుల్లటిది తోడైతే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తినడానికి సంచిలో ఒక నువ్వుండో వేరుశెనగ చిక్కీనో వేసుకోండి. బస్సు దిగి ఇంట్లోకి రాగానే వచ్చే కోపంలో కొంత ఆకలే. టీ మానమని చెప్పను, నేనే మానలేదు. కానీ తిన్న వెంటనే తాగకండి, టీలోని వగరు ఇనుమును పట్టనివ్వదు. అన్నానికీ టీకీ గంట ఎడం ఉంచండి. ఇంకొక మాట. రక్తహీనత నిజంగా ఉందని తేలితే బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ రసం అంటూ నెలలు గడపకండి. డాక్టరు రాసిన మాత్రలే వాడాలి. మలం నల్లగా వస్తుంది, కొందరికి మలబద్ధకం అవుతుంది. భయపడి మధ్యలో ఆపేయకుండా, సరిపడకపోతే మళ్లీ వెళ్లి మందు మార్పించుకోండి.

ఇప్పుడు మీరు మెచ్చుకుంటూ రాసిన మాట దగ్గరికి వస్తాను. ‘అడిగితే ఏ పనైనా చేస్తారు.’ ఆయన మంచివారే, సందేహం లేదు. కానీ అడగడం ఒక పని కాదా అమ్మా? మందులు ఎల్లుండికి అయిపోతాయని గుర్తుంచుకోవడం, ఆయన బయటికి వెళ్లే వేళ చూసి చెప్పడం, చీటీ రాసివ్వడం, తెచ్చారో లేదో చూడటం, మర్చిపోతే మళ్లీ మెత్తగా అడగడం. ఐదు పనులు మీరు చేస్తే ఆరోది ఆయన చేశారు. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటి మీద గడుపుతున్నట్టు తేలింది. అడగడానికి పట్టే నిమిషాలు అందులో ఎక్కడ పడ్డాయో నాకు అనుమానమే.

కాబట్టి ఆయన్ని సాయం అడగకండి. ఒక పని మొత్తంగా అప్పగించండి. అత్తయ్య గారి మందులు, షుగరు పరీక్షలు, డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీలు అన్నీ ఇవాళ్టి నుంచి ఆయనవి. తల్లి ఆయనదే కదా, న్యాయంగానూ ఉంటుంది. ఎప్పుడు అయిపోతాయో లెక్క చూసుకోవాల్సిందీ ఆయనే. ఆవిడకు ఇన్సులిన్ సూదులుంటే మాత్రం మొదటి వారం పక్కనుండి చూపించండి, అందులో పొరపాటు పడకూడదు. పొద్దున టిఫిన్ ఒక్కటే రకం. ఇంటర్ చదివే అమ్మాయి తన క్యారేజీ తాను కట్టుకోగలదు. ఎనిమిదో తరగతి కుర్రవాడు కుక్కరు పెట్టడం నేర్చుకోగలడు. వాడు మగపిల్లవాడు కాబట్టే ముందుగా వాడికి నేర్పండి.

వాళ్లు చేసిన దానికి వంక పెట్టకూడదు. ఇది మీకు కష్టం, నాకూ కష్టమైంది. మా ఆయన విశ్రాంత జీవితంలోకి వచ్చాక మొదటిసారి చేసిన తోటకూర వేపుడులో ఉప్పు రెండుసార్లు పడింది. నేను నోరు విప్పబోయి, మజ్జిగ కలుపుకుని తినేశాను. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఆయన గరిటె కింద పెట్టేవారు, దాన్ని మళ్లీ నేనే పట్టుకునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో సాంబారు ఆయనదే. నా సాంబారు కంటే బాగుంటుందని కోడలు అంటుంది. అది మాత్రం నేను ఒప్పుకోను.

ఇలా మిగిలిన సమయంతో ఏం చేయాలని అడుగుతారు. పడుకోండి. పదకొండున్నరను మొదటి వారం పదకొండుంపావు చేయండి, ఆ తరువాత పదకొండు. పొద్దున నాలుగున్నర ఐదు అయితే ఇంకా మంచిది. ఒకేసారి పదింటికి పడుకోవాలనుకోకండి, నిద్ర పట్టక ఫోను తీస్తారు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దు. డాక్టరు పని ఈ వారం. దానితో పాటు గంట కొట్టినప్పటి నీళ్లు, నాలుగో క్యారేజీ. నెలకు ఇవి చాలు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అంటుంటారు. అది 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన రోగులను చూసి రాసిన మాట నుంచి సాగుతూ వచ్చింది. ముఖం మారాక దానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించారు. నీళ్లు తాగే సంగతి కాదు అది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని పెట్టి నిజంగా కొలిచి చూస్తే, ఒక పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి పట్టే కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా తేలింది. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. నాకు అందులో బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం జరగలేదు. అత్తయ్య గారి జ్వరం వచ్చిన నాలుగో రోజున మీరు ఓడిపోలేదు. ఐదో రోజున చాప పరిచి ఉంటే సరిపోయేది. కానీ మూడు రోజుల ముచ్చట అని మనకో మాట ఉండనే ఉంది కదా, అది మనసులో మెదిలి ఉంటుంది.

కోపం సంగతి. మందులు మొదలై, నిద్ర కాస్త పెరిగి, నెల దాటాక కూడా ఊరికే ఏడుపు రావడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ అది. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచనలు మరీ చీకటిగా ఉంటే నెల ఆగవద్దు, ఆ రోజే చేయండి.

ఇక ఆ యోగా చాప. దాన్ని బీరువా మీది నుంచి దించి దుమ్ము దులపండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు సింకులోనే వదిలేసి, పడకగదిలో గోడ వారగా చాప పరవండి. వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ గోడకు పైకి ఆనించండి. ఆసనం పేరు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. నిద్ర పడితే పట్టనివ్వండి. తలుపు గడియ వేయడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి జీలకర్ర డబ్బా ఎక్కడుందని అడుగుతారు.